బావ బండికి పవర్ పెట్టె

పవర్ పెట్టె బిగించిన లారీకి బలం పెరుగుతుంది, ఆయుష్షు తరుగుతుంది అన్నది పలాస లారీ స్టాండులో అందరూ నమ్మే మాట. మహీధర్ ఆ మాటను తన బావ దాలయ్య బండి మీద పరీక్షించదలచుకున్నాడు.

కారణం లేకపోలేదు. విశాఖ రేవు నుంచి జీడిపిక్కలు తెచ్చే పనిని ఏడాదిపాటు ఒక్క లారీకే ఇస్తానని జీడిపప్పు ఫ్యాక్టరీ యజమానురాలు కృష్ణవేణి ప్రకటించింది. బరిలో మిగిలినవాళ్లు ఒకరికొకరు బావ వరసయ్యే వీళ్లిద్దరే. ఇద్దరివీ అప్పట్లో కొత్తగా వచ్చిన కంప్యూటర్ ఇంజిను లారీలు, ఒకే రకానివి. వానాకాలమంతా ఇద్దరూ తోలాలి; దారిలో చెడి ఆగిన బండి ఓడినట్టు. ఈ పని రాకపోతే మహీధర్ లారీ అమ్ముకోవలసిందే.

పెట్టెను విశాఖలో కొన్నాడు. అరచేతిలో ఇమిడే ఇనప పెట్టె. అది ఇంజిను కంప్యూటర్‌కు అబద్ధం చెప్పి డీజిలు ఎక్కువ పోయిస్తుందనీ, నిదానంగా తోలేవాడికి కొంత నయమనీ, బలముంది కదా అని తొక్కేవాడికి మాత్రం ముందు క్లచ్ ప్లేట్లు కాలి, తర్వాత గేరుబాక్సు పళ్లు రాలి, చివరికి పిస్టన్లే కరుగుతాయనీ అమ్మినవాడు హెచ్చరించాడు. హెచ్చరిక విన్నకొద్దీ మహీధర్‌కు ముచ్చట వేసింది.

దాలయ్య శనివారం బండి తీయడు. శని పట్టుకుంటుందని ఆ రోజు ఇనప మేకైనా కొనడు. కనుక ఒక శనివారం మధ్యాహ్నం, దాలయ్య భోంచేసి కునుకు తీస్తుండగా, మహీధర్ అతని లారీ కేబిన్ ఎత్తి, ఇంజిను వెనక మూలలో పెట్టె బిగించాడు. ఎదుటి టీకొట్టు కాసులమ్మ ఏం చేస్తున్నావని అడిగితే, బావకు చిన్న సాయమన్నాడు.

సోమవారం నుంచి దాలయ్య వెనకే తన లారీ తోలడం మొదలుపెట్టాడు. గేరుబాక్సు రాలే దృశ్యం కళ్లపడకుండా పోతుందేమోనని అతని బెంగ. దాలయ్య బండిలో మార్పేమీ కనిపించలేదు. టెక్కలి దగ్గర ఎత్తును ఎప్పటిలాగే మూలుగుతూ ఎక్కేది. ఇతని నిదానానికి పెట్టె కూడా విసిగిపోయిందనుకున్నాడు మహీధర్. అతని లారీ మాత్రం అదే ఎత్తును గుర్రంలా ఎక్కేసేది. అది తన పౌరుషమేనని నమ్మి, ఇంకా తొక్కాడు. బావను దాటిపోయి, రోడ్డు పక్కన ఆగి, అతను రాగానే మళ్లీ వెంటపడేవాడు. క్లచ్ కాలిన వాసన తగిలినప్పుడల్లా అది ముందున్న బండిదేనని సంతోషించాడు. బావ లారీ మీది చూపు మరల్చనివాడికి సొంత ఇంజిను మొహం చూసే తీరిక ఎక్కడిది?

"బండెలాగుంది బావా?" అని టీ తాగేచోటల్లా ఆరా తీసేవాడు.

"దానికేటి, బాగానే ఉంది. నువ్వే దెయ్యం పట్టినట్టు తోలతన్నావు. పెళ్లికేటైనా ఎల్లాలా?"

వినాయక చవితి ఇంకా రాలేదు. నిండు లోడుతో వస్తూ టెక్కలి ఎత్తు మీద ఒక లారీ పెద్ద చప్పుడు చేసి, నల్లటి పొగ కక్కి ఆగిపోయింది. అది మహీధర్‌ది. గేరుబాక్సు పళ్లు రాలాయి. ఇంజిను మళ్లీ పలకలేదు.

ఫోనులో సంగతి విన్న కృష్ణవేణి, పని దాలయ్యదేనని అక్కడికక్కడే చెప్పేసింది. మహీధర్ వెనకే వచ్చి ఆగిన దాలయ్య లారీ దగ్గరికి నడిచి వెళ్లి, కేబిన్ ఎత్తి చూశాడు. ఇంజిను వెనక మూల ఖాళీగా ఉంది.

"ఆ ఇనప పెట్టి కోసమా?" దాలయ్య నొచ్చుకుంటూ దగ్గరికొచ్చాడు. "ఇంజిన్‌కి అగరొత్తి సూపిద్దామని ఆ సాయంత్రమే కేబినెత్తినాను. నువ్వేదో సాయం సేసి ఎల్లినావని కాసులమ్మ సెప్పినాది. నీ మనసు మంచిదే గానీ, శనివారం పూట ఇనుము పుచ్చుకోకూడదు కద బావా. ఏటనుకుంటావోనని నీకు సెప్పనేదు. పొద్దుగూకకుండానే పట్టుకెళ్లి, నాకెలా బిగించినావో అలాగే నీ బండికి బిగించీసినాను."