కొట్టు మూల కొలతలు

"ఆ టేపెందుకు తెచ్చారు?"

టోఫు కోసే కత్తి కింద పెట్టకుండానే అడిగింది చిగుసా. ఆమె కొట్టులో టోఫు ముక్కలుంచే నీళ్ల తొట్టె పక్కన ఖాళీ మూలలో గొంతుక్కూర్చుని గోడ కొలుస్తున్న బ్యాంకు గుమాస్తా నివా, టేపుని గబుక్కున చుట్టేసి జేబులో పెట్టుకున్నాడు.

"ఏం లేదండీ. ఊరికే."

ఊరికే గోడలు కొలిచే మనిషిని ఆమె ఎక్కడా చూడలేదు. నిన్న ఒక్క టోఫు ముక్క కొని, గంటసేపు ఇక్కడే నిలబడి వచ్చేపోయేవాళ్లని లెక్కపెట్టాడు. ఏటా డిసెంబరులో చేతికిచ్చే బ్యాంకు క్యాలెండరు ఈసారి ఇవ్వనేలేదు. కొత్త ఏడాదికి ఈ కొట్టే ఉండదనా? టోఫుకి సోయా గింజలు ఉడికించే కొత్త బాయిలరు కోసం కొట్టుని వాళ్ల దగ్గరే తాకట్టు పెట్టింది మరి.

"నా కొట్టుకీ ముందు టేపే వచ్చిందమ్మాయ్," అంది టోఫు కోసం గిన్నె పట్టుకుని నిలబడ్డ ఒగినో. పోయినేడు ఆవిడ చేపల కొట్టుని బ్యాంకు వేలం వేసింది. "దాని వెనకే తాళం వచ్చింది."

"మీరూరుకోండి పిన్నీ." చిగుసా నివా వైపు తిరిగింది. "రెండు వాయిదాలు ఆలస్యమయ్యాయి. దానికేనా ఇదంతా?"

"దాని గురించి కాదండీ." అతను తల ఎత్తలేదు. "మీ దగ్గరికి ముసలివాళ్లు రోజుకి ఎంతమంది వస్తారు?"

"ఎందుకు? నేను పోతే ఏడ్చేవాళ్ల లెక్క కావాలా?"

"మొదట నన్ను రాసుకో నాయనా," అంది ఒగినో.

నివా స్కూటరు హెల్మెట్ తలకి పెట్టుకుని, గుమ్మం దాకా వెళ్లి ఆగాడు. "ఈ గడప తీసేయడానికి వీలవుతుందా?"

"గడప నాది. కొట్టూ నాదే, ఇంకా."

"రేపు మేనేజరు గారితో వస్తాను. ఆయనే చెబుతారు."

చిగుసా వీపున కట్టుకున్న పాప నిద్రలో కదిలింది. ఆమె వెళ్లి గుమ్మానికి అడ్డంగా నిలబడింది.

"రేపు కాదు. ఇప్పుడు చెప్పి కదలండి. దీన్నేసుకుని నేనెక్కడికి పోవాలో నాకివాళే తెలియాలి."

నివా హెల్మెట్ తీసి చంకలో పెట్టుకున్నాడు. చేతులు తొడలకి ఆనించి, నమస్కారంగా నడుం దాకా వంగాడు. వంగినవాడు ఎంతకీ లేవడంలేదు. బ్యాంకువాళ్లు అంత కిందికి వంగితే మంచి కబురు వచ్చిన జ్ఞాపకం ఆ వీధిలో ఎవరికీ లేదు. ఒగినో గిన్నె కింద పెట్టేసి, వచ్చి చిగుసా మోచెయ్యి పట్టుకుంది.

"చెప్పండి," అంది చిగుసా.

"మార్చిలో ఈ ఊళ్లో మా బ్రాంచి ఎత్తేస్తున్నారండీ. వారానికి రెండు రోజులు మా కౌంటరు పెట్టుకోవడానికి ఈ మూల అద్దెకిస్తారా?"