పేరు మాత్రం ఇవ్వరట

“ఫ్రీగా తీసుకోమని మీరే అంటారు, పేరు మాత్రం పెట్టుకోవద్దని మీరే అంటారు. ఇదెక్కడి చోద్యం అమ్మాయ్?” మామగారు లాప్‌టాప్‌ని కోడలి ముందు ఠపీమని పెట్టారు.

ఆయన కొట్లో బిగించిన నలభై లాప్‌టాప్‌లు ముందుగదిలో పెట్టెల్లోకెక్కి ఉన్నాయి. పన్నెండింటికి స్కూలు వ్యాన్ వస్తుంది. వాళ్లు ఊరికే దొరికే ఫలానా ఆపరేటింగ్ సిస్టమే కావాలన్నారు. పెట్టె మీద ఆ పేరు లేకపోతే సరుకు ముట్టుకోరు. ఆ పేరు ఎవరు వాడుకోవచ్చో తేల్చే కమిటీలో సాక్షాత్తూ కోడలే ఉంది. అదీ ఆయన ఖర్మ.

“సిస్టమ్ ఎవరైనా తీసుకోవచ్చు, మార్చుకోవచ్చు మామయ్యా. మార్చాక మా పేరుతో అమ్మకూడదు. మార్చేది మీరు, తిట్లు మాకు.”

“ఏం మార్చాను? తెర కింద మన కొట్టు పేరు తిరిగే చిన్న పట్టీ. అంతేగా!”

“మూసినా పోదది. రాసేది కనపడనివ్వదు. ఫిర్యాదు కూడా వచ్చింది.”

“ఎవరా పనిలేనివాళ్లు?”

“పేరు చెప్పకూడదు. ‘తయారుచేసినాయనకి మూడుసార్లు చెప్పాను, చెవిన పెట్టలేదు’ అని రాశారు.”

“పచ్చి అబద్ధం! నాకెవ్వరూ చెప్పలేదు.”

మంచినీళ్లు తెచ్చిన అత్తగారు నెమ్మదిగా అన్నారు. “తీసేస్తే పోలా, ఏమండీ?”

“నువ్వూరుకో. వీటి గురించి నీకేం తెలుసు?”

ఆవిడ గ్లాసు అక్కడ పెట్టి, ఆయన కొట్టు నుంచి తెచ్చిచ్చిన లాప్‌టాప్‌లో ఇంటి పద్దు రాసుకోవడానికి వెళ్లారు.

మామగారు పంతం కొద్దీ కమిటీ అధ్యక్షుడికే ఫోన్ చేశారు. “అవన్నీ మీ కోడలే చూస్తారండీ. చాలా నెమ్మదస్తురాలు, అడిగి చూడండి,” అన్నాడాయన. మామగారికి ఒళ్లు మండిపోయింది. కానీ అప్పటికే పదిన్నర. వేరే దారి లేదు.

“సరే, తీసి పారేస్తా! మీ పంతమే నెగ్గిందనుకోండి.”

అత్తగారు పెట్టెలు విప్పి అందిస్తుంటే మామా కోడళ్లు ఒక్కో లాప్‌టాప్ తెరిచి పట్టీ తీసేశారు. నలభయ్యోది మూసేసరికి ఆయన నడుము పట్టేసింది. బయట వ్యాన్ హారన్ కొడుతోంది.

“ఇక ఒప్పుకో తల్లీ!”

“ఒక్క నిమిషం. పట్టీ పోయిందని ఫిర్యాదు చేసినవాళ్లకి మెయిల్ పెట్టాలి. వాళ్లు సరేనంటే మా పేరు మీరు పెట్టుకోవచ్చు.”

“పెట్టు, పెట్టు. ఆ మహానుభావుడెవరో నాకు ఎదురుపడాలి, అప్పుడు చెప్తా!”

కోడలు మెయిల్ పంపింది.

అత్తగారి ఫోన్ టింగుమంది.