ఉప్పుగాలి అపస్వరం

ఇరవై ఏళ్లకు విశాఖలో ‘ఉప్పుగాలి’ రాక్ బ్యాండ్ మళ్లీ కలిసింది. గాయకుడు ప్రసన్నబాబు గొంతు పడుచు వయసులోనే శ్రుతికి చిక్కేది కాదు, ఇప్పుడు దగ్గు కూడా తోడైంది. అయినా హాలు చప్పట్లతో దద్దరిల్లింది. ఇప్పుడు లోకమంతా చెవుల్లో పెట్టుకు తిరిగే ఇయర్‌బడ్ గుళికలు ఎంతటి అపస్వరాన్నయినా సరిదిద్ది వినిపిస్తాయి మరి.

అంటే తన అసలు గొంతు ఎవరూ వినలేదని ప్రసన్నబాబుకు రోషం వచ్చింది. “ఒక్క పాటకి ఆ గుళికలు తీసెయ్యండర్రా!” అని బతిమాలాడు. హాల్లో అందరూ తీశారు. పల్లవి ముగిసేసరికి సగం హాలు ఖాళీ అయింది.

వెనక డ్రమ్స్ వాయిస్తున్న సువర్చల తన గుళికలూ తీసి పడీపడీ నవ్వింది. “ఏటిరా ప్రసన్నా, అప్పుడూ ఇలాగే అరిసీవోడివి! నా దరువూ అప్పుడూ ఇలాగే తప్పీది!”

అతనికి ప్రాణం లేచొచ్చింది. మిగిలినవాళ్ల కోసం ఇద్దరూ ఉత్సాహంగా మళ్లీ అందుకున్నారు. కాకపోతే అతను పాడింది ఒక పాట, ఆమె వాయించింది మరొకటి.