ఐదు రాజధానుల దారి

“ముందు ఏ ఊళ్ళో దిగుతారు టీచర్‌గారూ?” ఎదురుగా కూర్చున్న అమ్మాయి పటం విప్పి పట్టుకుని అడిగింది.

“కోపెన్‌హాగెన్‌లో” అంది టీచరు తడుముకోకుండా. ఇరవై ఆరేళ్ళుగా పిల్లలకి భూగోళం చెబుతోంది. వేలు పెట్టి చూపించిన ఊళ్ళలో ఒక్కదానిలోనూ ఇంతవరకూ కాలు పెట్టలేదు.

“ఎవరెవరు వెళ్తున్నారు?”

“నేనూ మా ఆయనా. బయట వరండాలో కూర్చున్నారే, ఆయనే. రెండు రోజుల ప్రయాణానికి నాలుగు పెట్టెలు సర్దే రకం. అక్కడి చలి సంగతి చెబితే పరుపు కూడా చుట్టి తెచ్చేస్తారు.”

అమ్మాయి నవ్వింది. “తర్వాత?”

“ఓస్లో. అక్కణ్ణుంచి స్టాక్‌హోమ్‌కి రైలు. కిటికీ సీటు నాదేనని ముందే చెప్పేశాను. స్టాక్‌హోమ్ నుంచి హెల్సింకికి... అది... నీళ్ళ మీద పోతుందే... అదీ...”

మాట నోటిదాకా వచ్చి ఆగిపోయింది. ఒకటో తరగతి పిల్లలకి కూడా తెలిసిన మాట!

అమ్మాయి ముఖంలో నవ్వు మాయమైంది. టీచరు వెనక తలవంచుకుని తన పనిలో మునిగి ఉన్న పెద్దాయన వైపు చూసింది.

“అటు వద్దు” అన్నాడాయన నెమ్మదిగా. “కాస్త పక్కనుంచి వెళ్దాం.”

“పక్కనుంచి వెళ్తే హెల్సింకి పోతుందేమోనండీ” అంది టీచరు బెంగగా.

“మీ ఊళ్ళలో ఒక్కటి కూడా పోనివ్వనమ్మా. నిదానంగా ఆలోచించండి. తొందరేం లేదు.”

టీచరు కళ్ళు మూసుకుంది. నీళ్ళు కనిపిస్తున్నాయి. రేవు కనిపిస్తోంది. మా ఆయన పెట్టెలు లాక్కుంటూ ఎక్కుతున్నది దేన్ని?

“ఓడ!” అని అరిచినంత పని చేసింది. “ఓడ, ఓడ, ఓడ!”

అమ్మాయికి ప్రాణం లేచొచ్చింది. “ఎన్నింటికి ఎక్కుతారు?”

“సాయంత్రం ఎక్కితే పొద్దున్నకి హెల్సింకి. అక్కణ్ణుంచి మళ్ళీ ఓడలో రెండు గంటలు, టాలిన్. అక్కడ పాతకాలం రాతి వీధులు ఉంటాయట. మా ఆయన పెట్టెలన్నీ గదిలో పడేసి, వట్టి చేతులతో నాతో నడవాలి. అదీ షరతు.”

“ఐదు ఊళ్ళూ ఇంకొక్కసారి చెప్పండి.”

“కోపెన్‌హాగెన్, ఓస్లో, స్టాక్‌హోమ్, హెల్సింకి, టాలిన్” అంది టీచరు, తరగతిలో హాజరు పిలిచినంత ధాటిగా. ఆ వెంటనే, ఎవరూ అడక్కుండానే, “ఓడ” అని కూడా చేర్చింది.

అమ్మాయి పటం మడిచింది. ఆమె కళ్ళు చెమర్చాయి. “అన్నీ సరిగ్గా ఉన్నాయి సార్.”

పెద్దాయన గుండెల నిండా ఊపిరి పీల్చి వదిలాడు.

“పెట్టెలు సర్దుకోమని వరండాలో ఉన్నాయనకి చెప్పండి.”

టీచరుకి ఒక్కసారి వెనక్కి తిరిగి ఆ పెద్దాయన ముఖం చూడాలనిపించింది.

“కణితి మొత్తం వచ్చేసింది, మాటా దక్కింది, ఇక పుర్రె మూసేద్దాం” అన్నాడాయన.