చావని మొక్కలు

ఎలా ఎండిపోతాయో చూడాలని డిగ్రీ ప్రాజెక్టు కోసం నీళ్లు పోయడం మానేసిన మొక్కలన్నీ నవనవలాడుతున్నాయి.

“కొంప మునిగింది. నువ్వు పోశావా?”

“నీ మీదొట్టు, లేదే.”

“అయితే ఇది నీళ్లక్కర్లేని కొత్త జాతి. మన పేరే పెడదాం.”

స్నేహితురాళ్లిద్దరూ చేతులు పట్టుకుని ల్యాబ్‌లో గిర్రున తిరిగారు. గుమ్మంలో బోటనీ మేడమ్‌ కనిపించగానే బిగుసుకుపోయారు. చుక్క నీళ్లు పోసినా సున్నా వేస్తానన్నది ఆవిడే.

“మేం పోయలేదు మేడమ్. కావాలంటే ప్రిన్సిపాల్‌గారినే పిలుచుకొస్తాం. ఈ కొత్త జాతిని ఆయనే చూస్తారు.”

“ఆగండే,” మేడమ్‌ గొంతు తగ్గించింది. “రోజూ తాళం వేసేముందు నేనే పోశాను. అవలా తలలు వాల్చేస్తుంటే ఇంటికెలా వెళ్లను? ఆ సున్నా నాకే వేసుకుంటాలే.”