మాస్టారు చల్లబడ్డారు

డ్రైవింగ్ స్కూలు మాస్టారు టిఫిను సగంలో ఆపి, "అమ్మాయి చేసిందే సరైన పని. దూరంగా వచ్చే బండి నాకు ఆనడం లేదు. తప్పు నాదే, ఫోన్ చేసి రమ్మను," అన్నారు. ఆయన భార్య నమ్మలేక ఫోన్ అందుకునేలోపే మాస్టారు కుర్చీలోంచి ఒరిగిపోయారు.

కూతురు లైసెన్సుల ఇన్‌స్పెక్టరు. చూపు మందగించిందని కన్నతండ్రి లైసెన్సే రద్దు చేసింది. అప్పట్నుంచి నాలుగేళ్లుగా ఆయన ఆమె మొహం చూడలేదు.

ఆసుపత్రిలో ఆగిన గుండెను మళ్లీ కొట్టుకునేలా చేశారు గానీ స్పృహ రాలేదు. మెదడు దెబ్బతినకుండా ఒళ్లంతా చల్లబరిచి ఉంచారు. కూతురు మంచులాంటి ఆ చేతిని వదల్లేదు. నాన్న అన్న ఆఖరి మాటను తల్లితో పదేపదే చెప్పించుకుంది.

"మెల్లగా వేడెక్కిస్తున్నాం," అన్నాడు డాక్టరు. "గుండె ఆగేముందు జరిగింది గుర్తుండకపోవచ్చు. మిగతా జ్ఞాపకాలు దక్కితే మన అదృష్టం."

మాస్టారు కళ్లు తెరిచారు. డాక్టరు అడిగితే తన పేరు చెప్పారు. భార్యను గుర్తుపట్టారు.

"మరి ఈవిడెవరు?"

ఆయన కూతుర్ని ఎగాదిగా చూసి, చెయ్యి లాక్కుని, గోడవైపు తిరిగారు.

"ఎవరో నాకు తెలీదు."

డాక్టరు మొహం వాడిపోయింది.

"కంగారుపడకండి డాక్టరుగారూ," అంది తల్లి, కళ్లు తుడుచుకుంటూ. "మెదడు భేషుగ్గా ఉంది. ఆ ఒక్క పొద్దుటి మాట తప్ప ఆయనకు అన్నీ గుర్తున్నాయి."