ఆఖరి అడుగు చప్పుడు

బంతి తన్నేవాడు పరుగెత్తుకొస్తున్నాడు.

"కుడి," అన్నాడు గోల్‌పోస్ట్ వెనక రాయి మీద కూర్చున్న ముసలాయన.

ఉజ్వల్ ఎడమకు దూకాడు. బంతి కుడివైపు నుంచి దూసుకుపోయింది.

మళ్లీ పరుగు. "ఎడమ."

ఈసారి కుడికి దూకాడు. మళ్లీ గోల్!

ఉజ్వల్‌కు ఒళ్లు మండింది. పంతొమ్మిదేళ్లవాడు, బెల్లంపల్లి టీమ్‌కు గోల్‌కీపర్. రేపు మంథనితో ఫైనల్. హైదరాబాద్ క్లబ్ వాళ్లు మంచి ఆటగాణ్ని ఏరుకుపోవడానికి వస్తున్నారు. స్పెయిన్‌లో తన ఈడువాడే ఒకడు అప్పుడే పెద్ద క్లబ్‌కు గోల్‌కీపరయ్యాడు. వాడి వీడియోలన్నీ ఉజ్వల్ ఫోన్‌లో ఉన్నాయి. తనూ అంతవాణ్ని అవుతానన్న విషయంలో అతనికి రవ్వంత అనుమానం కూడా లేదు.

"ఎవరు తాతా నువ్వు?"

"ముత్తయ్యను బిడ్డా. బొగ్గుబాయిల సర్దార్‌గ చేసిన. బాయి పైకప్పును కట్టెతోని కొట్టి, చప్పుడు విన్నంకనే మందిని లోపలికి తోలేటోన్ని."

ఈ ఊళ్లో రిటైరైన సర్దార్లు కట్టె వదలరు. సంతకెళ్లినా, పెళ్లికెళ్లినా చేతిలో ఉండాల్సిందే. ఈయన మోకాళ్ల మధ్యా ఒకటుంది.

"తన్నేటోని అడుగు విను బిడ్డా. ఆఖరిది గట్టిగ పడితె నీ కుడి దిక్కు వస్తది. మెల్లగ పడితె ఎడమ."

ఉజ్వల్ పకపకా నవ్వాడు. "స్పెయినోడు తన్నేటోని కండ్లు చూస్తడు తాతా. వినెతందుకు గిదేమన్న రేడియోనా?"

"పొద్దు నీ కండ్లల్ల కొట్టిననాడు ఏం జేస్తవ్?"

"ఇందాకట్నుంచి ఒక్కసారన్న ఆట దిక్కు మొఖం తిప్పలే నువ్వు. నాకు నేర్పుతున్నవా? జర అవుతల పోయి కూసో. పరేషాన్ చెయ్యకు."

ముత్తయ్య కోపగించుకోలేదు. "మంచిగ ఆడు బిడ్డా," అని లేచి, కట్టె టకటకలాడించుకుంటూ వెళ్లిపోయాడు.

మర్నాడు ఫైనల్ సమంగా ముగిసి పెనాల్టీల దాకా వచ్చింది.

బెల్లంపల్లి ఐదూ కొట్టింది. ఉజ్వల్ మంథని వాళ్ల కళ్లనే చూస్తూ నిలబడ్డాడు. వాళ్ల కళ్లు ఒకవైపు, కాళ్లు ఇంకోవైపు. నాలుగుకు నాలుగూ గోల్స్.

ఐదోది ఆపితే గెలుపు.

సరిగ్గా అప్పుడే మబ్బు తొలగింది. పడమటెండ కళ్లలో కొట్టింది. మంథని కెప్టెన్ ఉత్త నీడలా ఉన్నాడు. కళ్లు కాదుగదా, ముఖమే కనబడలేదు.

ఉజ్వల్ ఇంకేం దారి లేక చెవులు రిక్కించాడు.

బొగ్గు కంకర పరిచిన మైదానం. కర్... కర్... కర్ర్!

ఆఖరిది గట్టిగా పడింది.

కుడికి దూకాడు. బంతి వచ్చి చేతుల్లో పడింది.

హైదరాబాద్ వాళ్లు అతని పేరు రాసుకున్నారు. ఉజ్వల్ మెడలో మెడల్‌తో గోల్‌పోస్ట్ వెనక్కి పరుగెత్తాడు. రాయి మీద ఎవరూ లేరు.

పక్కనే వనజ టీ కొట్టు. "అక్కా, సర్దార్ తాత రాలేదా?"

"ముత్తయ్య పెద్దబాపా? పొద్దుగాల బండికి సుల్తానాబాద్ పోయిండు, బిడ్డ దగ్గరికి. ఇల్లు ఖాళీ జేసిండు తమ్మీ, ఇగ రాడు."

ఉజ్వల్ తల వంచుకున్నాడు. చాలా సిగ్గేసింది.

"నిన్న ఊకె కసురుకున్న అక్కా. ఆట దిక్కు మొఖం తిప్పనోడు నాకు నేర్పుడేందని అన్న."

వనజ గ్లాసు కడగడం ఆపింది.

"చెవిని ఆట దిక్కు వెట్టి కూసునేటోడు తమ్మీ... బాయిల ఆయన రెండు కండ్లు పోయి ఇరవయ్యేండ్లాయె."